దిక్కులు కాసే జంతువులు

పిల్లలూ! గిన్నెలో నీళ్ళు పోసి, నీళ్ళ మీద ఒక ఎండుటాకును, ఆకు మీద ఒక కుట్టుసూదిని ఉంచి, ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకొని గుడి చుట్టూ తిరిగేవాళ్ళను మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడడమేమిటి, వాళ్ళను వెంటబెట్టుకు వెళ్ళినవాణ్ణి నేనే! గుడి దగ్గర కావలి మనిషి మా వంక అనుమానంగా చూసి, "ఇదేం పూజ సార్?" అని అడిగాడు.

"పూజ కాదు నాయనా, పరీక్ష" అన్నాను.

అది 2017 డిసెంబరు. నాకు బడి నుంచి సెలవు పుచ్చుకునే రోజులు దగ్గర పడుతున్నవి. వనపర్తి వైపు ఒక పల్లెటూరి బడిలో ప్రధానోపాధ్యాయుణ్ణిగా ఉండేవాణ్ణి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఒకనాడు దిక్కుల పాఠం చెబుతూ, "ఆగ్నేయం ఎటు?" అని అడిగాను. ముందు బెంచీలో ఉన్న ఒక అమ్మాయి చటుక్కున లేచి, "మా ఇంట్ల వంటిల్లు ఉన్న దిక్కు సార్. అగ్నిదేవుడు ఆడనే ఉంటడంట" అన్నది. అక్కడితో ఊరుకోక, "మరి ఆయన ఆడనే ఉన్నడని ఎట్ల తెలుస్తది సార్?" అని నన్నే అడిగింది. ఇటువంటి ప్రశ్న వచ్చినప్పుడు మాటలతో జవాబు చెప్పబోవడం దండుగ. ఆ పిల్లలను ఆలంపురం తీసుకుపోవాలని ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను.

పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటితే జోగులాంబ గద్వాల జిల్లా వస్తుంది. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగరు జిల్లాను విడదీసినప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ మూడు జిల్లాలయినవి. మా తరం వాళ్ళం మాత్రం ఇప్పటికీ అన్నిటినీ కలిపి పాలమూరనే అంటాము. ఆలంపురం ఆ జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఉన్నది. అక్కడి తొమ్మిది పాత గుళ్ళను నవబ్రహ్మ ఆలయాలంటారు. పేరు బ్రహ్మదే గాని లోపల ఉన్నవి శివలింగాలు. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాలలో వీటిని కట్టించారు. తొమ్మిదింటిలో స్వర్గబ్రహ్మ ఆలయం చాలా సొగసైనది. అది వినయాదిత్యుడనే రాజు కాలంలో, అంటే 681కీ 696కీ నడుమ కట్టినట్టు అక్కడి శాసనం వల్ల తెలుస్తున్నది. మేము పరీక్ష పెట్టింది ఆ గుడికే.

ఎందుకంటే ఆ గుడి వెలుపలి గోడల మీద ఎనిమిది దిక్కులకూ ఎనిమిది మంది కాపలాదారులు చెక్కి ఉన్నారు. వాళ్ళు అష్టదిక్పాలకులు. తూర్పుకు ఇంద్రుడు, ఆగ్నేయానికి అగ్ని, దక్షిణానికి యముడు, నైరృతికి నిరృతి, పడమరకు వరుణుడు, వాయవ్యానికి వాయువు, ఉత్తరానికి కుబేరుడు, ఈశాన్యానికి ఈశానుడు. చదువురాని వాళ్ళు కూడా వీళ్ళను పోల్చుకోవాలి గదా! అందుకని మన శిల్పులు ఒక సులువు చేశారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క వాహనం ఇచ్చారు. ఏనుగు కనబడితే ఇంద్రుడు. పొట్టేలు ఉంటే అగ్ని. దున్నపోతు ఉంటే యముడు, మొసలి వంటి మకరం ఉంటే వరుణుడు, లేడి ఉంటే వాయువు, ఎద్దు ఉంటే ఈశానుడు. కుబేరుడికి కొన్నిచోట్ల గుర్రం, కొన్నిచోట్ల మనిషే వాహనం. నిరృతికి కూడా మనిషే. ఇంతమంది బరువు మోస్తున్న ఆ మనుషుల సంగతి తలచుకుంటే నాకెప్పుడూ జాలి వేస్తుంది.

ఇక మా దిక్సూచి సంగతి. మీరూ చేసుకోవచ్చును. కుట్టుసూదిని బల్ల మీద పెట్టి, అయస్కాంతంతో ఒకే వైపుకు ముప్ఫై నలభై సార్లు రుద్దాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే పని చెడుతుంది. రుద్దిన సూదిని తేలికైన ఎండుటాకు మీద పెట్టి, గాలి తగలని చోట నీళ్ళ మీద వదిలితే, అది మెల్లగా తిరిగి ఉత్తర దక్షిణాలకు నిలబడుతుంది. ఏ కొస ఉత్తరమో ఉదయం పూట సూర్యుణ్ణి చూసి గుర్తు పెట్టుకోండి. ఇనుము మాత్రం దరిదాపుల్లో ఉండకూడదు. మాలో ఒక కుర్రవాడు గిన్నె పట్టుకున్నప్పుడల్లా సూది వాడి వైపే తిరుగుతుండేది. వాడు ఉబ్బిపోయాడు. చివరకు చూస్తే వాడి చేతికి ఇనుప కడియం ఉన్నది!

కడియం తీయించి గిన్నెలతో బయలుదేరాము. దక్షిణం వైపు చేరేసరికి పిల్లలు ఒక్కసారిగా, "దున్నపోతు, దున్నపోతు!" అని కేకలు వేశారు. సూది చూపిన దక్షిణానే యముడు ఉన్నాడు. పదమూడు వందల ఏళ్ళకు పైగా ఎండలో వానలో నిలబడి, ముఖాలు అరిగిపోయినా, ఆ కాపలాదారులు తమ చోటు తప్పలేదు. వంటింటి దిక్కు చెప్పిన అమ్మాయి పొట్టేలు దగ్గర చాలాసేపు నిలబడి, "ఈయనకు మనమొచ్చినమని కూడా తెల్వదు. ఆయన ఆగ్నేయమే చూస్తున్నడు" అన్నది.

అప్పుడు ఇంకొకడు అడిగాడు: "సార్, వేరే దేశాలల్ల కూడా దిక్కులకు కాపలా ఉంటరా?"

ఉంటారు. అది చెప్పడానికి గిన్నెలోని సూదే దారి. సూది దిక్కు చూపుతుందని మొదట కనిపెట్టి వాడుకున్నది చైనావారు. మనం సూది ఉత్తరం చూపుతుందంటాము. వాళ్ళు దక్షిణం చూపుతుందంటారు. దానికి వాళ్ళు పెట్టిన పేరుకు అర్థమే 'దక్షిణం చూపే సూది'. వాళ్ళ పాత దిక్సూచి పళ్ళెం మీద చుట్టూ దిక్కుల పేర్లు గీసి ఉంటవి. ఆ పేర్లలో పన్నెండింటికి పన్నెండు జంతువులున్నవి. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగను అనే మహాసర్పం, పాము, గుర్రం, గొర్రె, కోతి, కోడిపుంజు, కుక్క, పంది. ఇదే వరుస. ఎలుక ఉత్తరం. కుందేలు తూర్పు. గుర్రం దక్షిణం. పుంజు పడమర. మిగిలిన ఎనిమిదీ వాటి నడుమ సర్దుకుంటవి.

ఈ పన్నెండూ దిక్కులనే కాదు, కాలాన్ని కూడా కాస్తవి. మనకు జాములున్నట్టు వాళ్ళు రోజును రెండేసి గంటల పన్నెండు భాగాలు చేశారు. అర్ధరాత్రి ఎలుకది, మిట్టమధ్యాహ్నం గుర్రానిది. జపానులో ఈనాటికీ మిట్టమధ్యాహ్నాన్ని 'షోగో' అంటారు. అందులో 'గో' అన్న అక్షరం ఈ గుర్రమే! గుర్రాలు పోయి రైళ్ళు వచ్చినా మాటలో గుర్రం మిగిలింది. ఇక ఏడాదికొక జంతువు చొప్పున పన్నెండేళ్ళకు ఒక చుట్టు. చైనా, కొరియా, జపాను దేశాల పిల్లలను నీదే జంతువని అడిగితే తడుముకోకుండా చెబుతారు. వియత్నాంలో కుందేలుకు బదులు పిల్లి ఉంటుంది.

ఈ లెక్క చాలా పాతది. చైనాలో క్రీస్తుకు పూర్వం 217 ప్రాంతంలో పాతిపెట్టిన ఒక సమాధిలో వెదురు బద్దల మీద రాసిన పన్నెండు జంతువుల పట్టీ దొరికింది. మన దేశం నుంచి చైనాకు వెళ్ళి అయిదో శతాబ్దంలో ఆ భాషలోకి మారిన ఒక బౌద్ధ గ్రంథంలో కూడా ఈ పన్నెండూ ఉన్నవి. అయితే అందులో పులి చోట సింహం కూర్చున్నది.

పన్నెండే ఎందుకు? పదో ఇరవయ్యో ఎందుకు కాకూడదు? దీనికి జవాబు పైన, ఆకాశంలో ఉన్నది. బృహస్పతి గ్రహం సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి దాదాపు పన్నెండేళ్ళు పడుతుంది. చైనావారు పూర్వం దాన్ని 'సంవత్సర తార' అన్నారు. అది ఆకాశంలో ఏడాదికొక మజిలీ చేస్తూ పోతుందని పన్నెండు మజిలీలు లెక్క కట్టారు.

ఆగండి, ఈ మాట మనమెక్కడో విన్నట్టు లేదూ? బృహస్పతి కన్యారాశిలో అడుగుపెడితే కృష్ణా పుష్కరాలు. మకరరాశిలో అడుగుపెడితే తుంగభద్రా పుష్కరాలు. అంటే మన పుష్కరాల గడియారమూ, వాళ్ళ జంతువుల గడియారమూ ఒకే గ్రహాన్ని చూసి పెట్టుకున్నవి! అయితే ఒక చమత్కారం చూడండి. కృష్ణా పుష్కరాలు 1980లో, 1992లో, 2004లో, 2016లో వచ్చినవి. ఈ నాలుగూ చైనావారి లెక్కలో కోతి సంవత్సరాలే. మళ్ళీ 2028లో రాబోయేదీ కోతి సంవత్సరమే. బీచుపల్లి రేవులో పుష్కర స్నానం చేసి ఒడ్డెక్కితే ఎదురుగా ఉన్నది ఆంజనేయస్వామి గుడి. ఇది కాకతాళీయమే సుమా! కాని నాకు భలే సంతోషం వేసింది. తుంగభద్రా పుష్కరాలు 2008లో, 2020లో వచ్చినవి. ఆ రెండూ ఎలుక సంవత్సరాలు.

ఈ స్నేహం ఎల్లకాలం ఉండదు. బృహస్పతికి పట్టేది సరిగ్గా పన్నెండేళ్ళు కాదు, పదకొండేళ్ళ పది నెలల చిల్లర. ఒక్కొక్క చుట్టుకు దాదాపు ఏభై రోజులు ముందుకు జరుగుతుంది. అందుచేత ఎనభై అయిదేళ్ళకు అటూ ఇటూగా ఒక ఏడాది తేడా పడుతుంది. అప్పుడు మన పుష్కరం పదకొండో ఏటనే వచ్చేస్తుంది. చైనావారి జంతువులు మాత్రం గ్రహం కోసం ఆగకుండా తమ వరుసలో తాము నడిచిపోతవి. మీ మనుమల కాలంలో కృష్ణా పుష్కరాలు గొర్రె సంవత్సరంలో రావచ్చును.

ఇంకొక మాట. వాళ్ళు ఈ పన్నెండింటిని ఇంకొక పదింటితో జతపరచి అరవై ఏళ్ళ చక్రం చేశారు. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల పేర్లు లేవూ? మనకు షష్టిపూర్తి ఉన్నట్టే కొరియావారికి 'హ్వాంగప్', జపానువారికి 'కన్రెకి' ఉన్నవి. జపానులో అరవై నిండిన ముసలాయనకు ఎర్రని చిన్న చొక్కా తొడుగుతారు, మళ్ళీ పసిపిల్లవాడయ్యాడని. నేను 1960లో, శార్వరి సంవత్సరంలో పుట్టాను. 2020లో మళ్ళీ శార్వరి వచ్చింది. అది కరోనా ఏడు గనుక షష్టిపూర్తికి చుట్టాలెవరూ రాలేదు. ఎర్ర చొక్కా కుట్టించమంటే మా ఇంట్లో నవ్వారు.

సరే, శిల్పాల దగ్గరకు వద్దాము.

కొరియాలో గ్యోంగ్జు అనే పాత రాజధాని ఉన్నది. అక్కడ 673లో చనిపోయిన కిమ్ యూసిన్ అనే సేనాపతి సమాధి ఒక గుండ్రని మట్టి దిబ్బ. దాని చుట్టూ రాతి పలకల మీద పన్నెండు జంతువులనూ చెక్కారు. తల జంతువుది, ఒళ్ళు మనిషిది, చేతిలో ఆయుధం. ఒక్కొక్కటి తన దిక్కున తాను నిలబడి కాపలా కాస్తుంది. ఆయన పోయిన కొద్ది ఏళ్ళకే ఇక్కడ మన స్వర్గబ్రహ్మ గుడి లేచింది.

జపానులో నారా అనే ఊళ్ళో షిన్ యాకుషిజి అనే బౌద్ధాలయం ఉన్నది. అక్కడ వైద్యుడి రూపంలో ఉన్న బుద్ధుడి చుట్టూ పన్నెండుగురు యక్షసేనానులు మనిషెత్తున నిలబడి ఉంటారు. ఎనిమిదో శతాబ్దంలో మట్టితో చేసిన బొమ్మలివి. కోపంతో జుట్టు నిక్కబొడుచుకొని ఉన్న ఆ ముఖాలు చూస్తే పెద్దవాళ్ళకే గుండె దడదడలాడుతుంది. వాళ్ళ పేర్లు మన సంస్కృతం నుంచి పోయినవే. ఒకరి పేరు 'ఇందర'. ఎవరో పోల్చుకున్నారా? మన ఇంద్రుడే! తూర్పు దేశాలకు పోయి పేరులో ఒక ఒత్తు పోగొట్టుకున్నాడు. ఈ పన్నెండుగురికీ పన్నెండు జంతువులను పంచారు. ఎవరి జంతువు సేనాని ముందు వాళ్ళు నిలబడి దండం పెట్టుకుంటారు. పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన భూకంపంలో ఒక సేనాని పగిలిపోతే, 1931లో ఆ చోటికి కొయ్యతో కొత్త బొమ్మ చేసి నిలబెట్టారు. పదకొండు మట్టివి, ఒకటి కొయ్యది. కాపలాలో ఒక చోటు ఖాళీగా ఉండకూడదు గదా!

ఇప్పుడీ జంతువులు గుళ్ళు, సమాధులు దాటి బజారులోకి కూడా వచ్చినవి. హాంకాంగులో 1995లో తెరిచిన కౌలూన్ కోట తోటలో పన్నెండింటికీ రాతి బొమ్మలున్నవి. పిల్లలు తమ జంతువును వెతుక్కొని దాని పక్కన ఫొటోలు తీయించుకుంటారు. అన్నిటికంటె నాకు నచ్చినది టోక్యో రైల్వేస్టేషను కథ. 1914లో తెరిచిన ఆ ఎర్ర ఇటుకల భవనాన్ని తత్సునో కింగో అనే జపాను శిల్పి రూపొందించాడు. దాని గుమ్మటాలు ఎనిమిది మూలలవి. మూలకొక జంతువు చొప్పున ఎనిమిది జంతువుల బొమ్మలున్నవి. పన్నెండింటిలో ఎనిమిదే! లేని నాలుగూ ఏవో చెప్పండి చూద్దాం. ఎలుక, కుందేలు, గుర్రం, పుంజు. అంటే సరిగ్గా నాలుగు పెద్ద దిక్కులవి. 1945లో బాంబులకు ఆ గుమ్మటాలు కాలిపోయినవి. 2012లో వాటిని పాత రూపానికి తెచ్చాక, ఆ నాలుగూ ఏమైనవన్న ప్రశ్న మళ్ళీ లేచింది. జవాబు చాలా దూరాన, దక్షిణపు దీవిలో తకేవో అనే ఊళ్ళో దొరికింది. అక్కడి వేడినీటి స్నానఘట్టానికి ముఖద్వారం కట్టినదీ ఆ తత్సునోయే. ఆ ద్వారపు పైఅంతస్తు కప్పు మీద ఎలుక, కుందేలు, గుర్రం, పుంజు ఉన్నవి! ఎనిమిదింటిని రాజధానిలో పెట్టి, నాలుగింటిని తాను పుట్టిన వైపు ఎందుకు దాచాడో ఆ పెద్దమనిషి ఎవరికీ చెప్పి పోలేదు.

చోటు విడిచి పోవలసి వచ్చిన జంతువులు కూడా ఉన్నవి. చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ పద్దెనిమిదో శతాబ్దంలో పెకింగు దగ్గర తన ఉద్యానవనంలో ఒక నీటి గడియారం కట్టించాడు. పన్నెండు కంచు తలలు. ఎవరి రెండు గంటలు వస్తే ఆ జంతువు నోట నీరు చిమ్మేది. మిట్టమధ్యాహ్నం పన్నెండూ కలిసి చిమ్మేవి. 1860లో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు ఆ వనాన్ని దోచి తగలబెట్టినవి. ఆ ఇంగ్లీషు సేనలో మన దేశపు సిపాయిలు కూడా ఉన్నారని చెప్పక తప్పదు. ఆ తరువాత తలలు తలొక దిక్కు పోయినవి. ఇప్పటికి ఏడు తిరిగి చైనా చేరినవి. ఎలుకా కుందేలూ 2013లో ఫ్రాన్సు నుంచి వచ్చినవి. గుర్రపు తల 2020లో మళ్ళీ ఆ వనానికే వచ్చింది. కాని తలలు వచ్చినంత మాత్రాన గడియారం వచ్చిందా? వాటికింద ఒకప్పుడున్న రాతి దేహాలేవీ? నీటి గొట్టాలేవీ? ఇప్పుడు అవి గాజు పెట్టెల్లో ఉన్నవి. గంట కొట్టినా నోరు తెరవవు.

ఆలంపురంలో మా పిల్లలకు ఈ ముక్క చెబుతున్నప్పుడు మేము కూర్చున్నది సంగమేశ్వరుడి గుడి నీడలో. ఆ గుడి పుట్టింది అక్కడ కాదు. తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసే కూడలి దగ్గర, కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టడంతో వెనక నీళ్ళు మన పాలమూరు ఒడ్డును, అవతల కర్నూలు ఒడ్డును ముంచినవి. నూరుకు పైగా ఊళ్ళు పోయినవి. పాత గుళ్ళను మాత్రం రాయి రాయికి నంబరు వేసి, విప్పి, మెరక మీద మళ్ళీ పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరుడు ఆలంపురం వచ్చాడు. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్న జటప్రోలులో మదనగోపాలస్వామి గుడినీ, సోమశిల గుళ్ళనూ అలాగే పైకి తెచ్చారు.

ఆ పని జరిగే రోజుల్లో నాకు ఇరవై ఏళ్ళు. ఒక ఊరి దగ్గర గుడి విప్పుతున్నారని విని సైకిలు మీద చూడబోయాను. గోడల నిండా తెల్ల రంగుతో అంకెలు. ఒక పనివాడు కాగితం మీద పటం చూసుకుంటూ ఏ రాయి ఏ దిక్కుదో, ఏ వరుసలోదో చెబుతున్నాడు. ఇంకొకడు ఆ అంకె రాస్తున్నాడు. అంకె తప్పితే తూర్పు రాయి పడమరకు పోతుంది. ద్వారపాలకుడు గోడ వైపు తిరిగి నిలబడతాడు. నేను ఆ నేర్పుకు ముచ్చటపడి చూస్తూ ఉంటే, నా పక్కన తలపాగా చుట్టుకున్న ఒక ముసలి రైతు కూడా చూస్తున్నాడు. కొంతసేపటికి, "గుడి రాళ్ళకు నంబర్లేసిండ్రు. మంచిదే. మా ఇంటి రాళ్ళకు ఎవ్వరేస్తరు, నాయనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన వెళ్ళి తన ఎడ్లను విప్పుకున్నాడు.

ఆ మాట మా పిల్లలకు చెప్పేసరికి, ఆగ్నేయం పిల్ల లేచి నిలబడ్డది. "మా తాతదీ మునిగిన ఊరే సార్. కూడవెల్లి తీర్థానికి ఎడ్లబండి కట్టుకొని వస్తుండిరంట" అన్నది. గిన్నె తీసుకుపోయి ఆ గుడి గోడ వార నేల మీద పెట్టి, ఆకు కదలకుండా నిలిచేదాకా గొంతుక్కూర్చుని చూసింది. ఏమీ అనలేదు. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం, "తాతకు చెప్త సార్, సంగమేశ్వరుడు మంచిగనే ఉన్నడని" అన్నది.

తిరుగు ప్రయాణంలో ఒక పట్నంలో టీ కోసం ఆగాము. ఊరి పేరు చెప్పను, నొచ్చుకుంటారు. అక్కడ కూడలిలో కొత్తగా వేసిన ఒక పార్కు ఉన్నది. మధ్యలో ఫౌంటెను, దాని చుట్టూ గుండ్రంగా దిమ్మెల మీద రంగురంగుల సిమెంటు బొమ్మలు ఎనిమిది. ఏనుగు మీద ఒకరు, పొట్టేలు మీద ఒకరు. "దిక్పాలకులే సార్!" అంటూ పిల్లలు గిన్నెలు పట్టుకొని దిగారు. రెండు నిమిషాలలో గోల మొదలయింది. ఇంద్రుడు ఉత్తరాన ఉన్నాడు! యముడు తూర్పున! పొద్దున్నే నడకకు వచ్చి సూర్యుడికి దండం పెట్టేవాళ్ళందరికీ దున్నపోతు ఎదురు. వరుణుడు దక్షిణాన, కుబేరుడు పడమర. మూలల వాళ్ళు నలుగురూ అలాగే పావు చుట్టు పక్కకు జరిగి ఉన్నారు.

ఆ పార్కు చూసే కార్యాలయానికి పిల్లలు ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. నెల తరువాత నేనే వెళ్ళి ఆ బొమ్మలు చేసిన మేస్త్రీని వెతికి పట్టుకున్నాను. అరవై దాటిన మనిషి. నేను చెప్పింది విని, కొంతసేపు నేల చూశాడు. "గేటు ఉన్న దిక్కే తూర్పనుకున్న సార్. గుడికి వాకిలి తూర్పుకే గద ఉండేది. పార్కుకు ఉత్తరం దిక్కు గేటు పెడ్తరని నాకేమెరుక?" అన్నాడు. ఆలోచిస్తే ఆయన పొరపాటులోనూ ఒక న్యాయమున్నది. గుళ్ళు కట్టి పెరిగిన చెయ్యి అది. తరువాత మెల్లగా, "మా నాయన ఆ ముంపు గుళ్ళ రాళ్ళకు నంబర్లేసిన పనిల ఉండె సార్. ఆయన ఉంటే నన్ను కొడుతుండె" అన్నాడు.

మరుసటి దసరాకు పార్కుకు రంగులు వేసే పని ఆయనకే వచ్చింది. నాకు కబురు చేశాడు. అప్పటికి నేను బడి విడిచాను గాని, సూదీ గిన్నే విడవలేదు. ఆ తరగతి పిల్లలు కొందరు వచ్చారు. ఒక్కొక్క దిమ్మె మీద సుద్దముక్కతో నంబరు వేసింది ఆగ్నేయం పిల్లే. ముందు పెద్ద దిక్కుల నలుగురినీ గొలుసులు కట్టి ఎత్తి, ఒకరి తరువాత ఒకరిని తమ తమ చోట్ల దింపారు. సాయంత్రానికి ఇంద్రుడు తూర్పుకు వచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మరునాడు మూలల వాళ్ళ వంతు. చోటు చేయడానికి మొదట నైరృతిలో ఉన్న లేడిని, దాని మీది వాయుదేవుణ్ణి ఎత్తి పక్కన వేపచెట్టు కింద పెట్టారు. నిరృతి తన మూలకు వెళ్ళాడు. పొట్టేలు ఆగ్నేయానికి వెళ్ళింది. ఇక వాయవ్యంలో ఉన్న ఎద్దు ఈశాన్యానికి పోవాలి. గొలుసు కట్టి లాగితే దిమ్మె పగిలింది గాని ఎద్దు కదలలేదు. లోపల ఇనుప చువ్వలు పునాది దాకా దించాడట మేస్త్రీ. "గట్టిగ ఉండాలెనని ఏసిన సార్" అన్నాడు సిగ్గుపడుతూ.

ఎద్దు ఇప్పటికీ వాయవ్యంలోనే ఉన్నది. ఈశాన్యం దిమ్మె ఖాళీ. లేడి వేపచెట్టు కిందనే నిలబడి ఎదురు చూస్తున్నది. పోయినసారి వెళ్ళినప్పుడు ఎవరో పిల్లలు దాని మెడకు బంతిపూల దండ వేశారు, ముందర ఒక గరికపోచల కట్ట కూడా పెట్టారు.